బడిని విడుచుట పరిష్కారము కాదు

జూన్ మాసము సమీపించి బడులు తెఱచు వేళకు, చదువుకొన్న తల్లిదండ్రుల యిండ్లలో ఇటీవల ఒక క్రొత్త మీమాంస తలయెత్తుచున్నది. బిడ్డను బడికి పంపక, ఇంటివద్దనే ఉంచి తామే చదువు చెప్పుకొనినచో మేలు కదా యని వారి యోచన. అమెరికాలో ప్రతి రాష్ట్రమునందును ఇది చట్టసమ్మతమైన పద్ధతి యగుటచే, అచ్చట స్థిరపడిన బంధుమిత్రుల వలన దీనినెఱిగిన మన నగరవాసులకు ఇందు ఆకర్షణ కలుగుట సహజమే. కాని ఈ నిర్ణయము ఒక్క కుటుంబముతో ముగియునది కాదు.

ఆ తల్లిదండ్రుల ఆవేదన అకారణమైనది కాదు. ఆఱవ తరగతి బాలునిచేత ఐఐటీ ఫౌండేషన్ పేరిట సూత్రములు వల్లెవేయించుచు, వారాంతపు పరీక్షల ర్యాంకులతో వాని బాల్యమునకు విలువ కట్టుచు, ఆటస్థలము లేని భవనములలో ఉదయమునుండి రాత్రివఱకు కూర్చుండబెట్టు కార్పొరేట్ విద్యను చూచి ఏ తల్లి మనసు కలతపడదు? ఐదు తరగతులకును ఒకే ఉపాధ్యాయుడున్న ప్రభుత్వ పాఠశాలను చూచి ఏ తండ్రి ధైర్యము వహింపగలడు? వ్యాధి యున్నదనుటలో మాకు సందేహము లేదు. చెప్పుచున్న చికిత్సయే మాకు సమ్మతము కాదు.

చట్టము మాట మొదట చూతము. ఉన్నికృష్ణన్‌కును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును నడచిన వ్యాజ్యములో 1993లో సుప్రీంకోర్టు, పదునాలుగేండ్లవఱకు విద్య బాలల ప్రాథమిక హక్కని తీర్పు చెప్పినది. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ ఆ హక్కును 21-ఎ అధికరణముగా నెలకొల్పగా, 2009లో చేసిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టపు పదవ సెక్షను, బిడ్డను సమీప పాఠశాలలో చేర్పించుట తల్లిదండ్రుల విధి యని చెప్పుచున్నదే గాని, చేర్పింపనివారికి శిక్ష విధింపలేదు. తీవ్ర వైకల్యము, బహుళ వైకల్యము గల బాలలు ఇంటివద్దనే చదువుకొను హక్కును 2012 సవరణ ప్రసాదించినది. తక్కిన బాలలు సైతము పదునాలుగేండ్లు నిండిన పిమ్మట ఓపెన్ స్కూలు ద్వారా పదవ తరగతి పరీక్షకు కూర్చుండవచ్చును. కావున మార్గము మూసియుండలేదు. ఆ మార్గమున నడచుట తగునా యనునదే విచార్యము.

తగదని మేము చెప్పుటకు మొదటి కారణము, పేదయింటి బిడ్డ. రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వమున, 1990వ దశకమునుండి వేలాది బాలలను పొలములనుండియు, పశువుల కొట్టములనుండియు తప్పించి బడికి చేర్చినది. బడిలో లేని ప్రతి బిడ్డను బాలకార్మికునిగనే యెంచవలెనని ఆ సంస్థ తన అనుభవమున తేల్చిన సిద్ధాంతము. పేదయింట 'ఇంటివద్ద ఉండుట' యనగా చంటిబిడ్డ నెత్తుకొనుట, నీరు మోయుట, గొడ్లను కాచుట. బాలకార్మిక చట్టమునకు 2016లో చేసిన సవరణ, బడివేళలు ముగిసిన పిమ్మటను, సెలవులలోను పిల్లలు కుటుంబ వృత్తిలో సాయపడుటకు అనుమతించుచున్నది. బడియే లేని బిడ్డకు బడివేళలెక్కడివి? ఇంటి చదువు సర్వసాధారణమైన ఆచారముగా గుర్తింపు పొందిననాడు, సంపన్నుల యింట స్వేచ్ఛయైనది నిరుపేదల యింట శ్రమకు ముసుగగును. ఆడపిల్లల విషయమున బాల్యవివాహమునకు దారితీయును.

ఇది ఊహామాత్రము కాదు. 2020 మార్చిలో కరోనా కారణమున బడులు మూతపడినప్పుడు, దేశములోని ప్రతి గృహమును పాఠశాల కావలసివచ్చినది. చదువు చెప్పగల తల్లియు, విడిగా ఒక గదియు, చేతిలో స్మార్ట్‌ఫోనును ఉన్న యింట పాఠము సాగినది. ఇవి లేని యింట నేర్చిన అక్షరములు సైతము మఱపున పడినవి, బడి పెట్టు మధ్యాహ్నపు వేడి అన్నము కరవైనది. గృహములు సమానములు కావు. ఆ అసమానత బిడ్డ భవిష్యత్తును శాసింపకుండ కొంతయైన అడ్డుకొనగలిగినది బడి యొక్కటే.

రెండవ కారణము చరిత్ర నేర్పినది. చదువు కులముననుసరించి తండ్రినుండి కొడుకునకు సంక్రమించి, అన్యులకు గడప దాటి రాని కాలమును మన సమాజము చూచియే యున్నది. ధవళేశ్వరమున 1874లో కందుకూరి వీరేశలింగము బాలికా పాఠశాల నెలకొల్పుటయు, హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ దళిత బాలలకై బడులు తెఱచుటయు, ఆ గడపను దాటించుటకు జరిగిన మహాప్రయత్నములు. అన్ని కులముల, అన్ని ఆదాయముల పిల్లలును కలసి చదువుకొను ఉమ్మడి పాఠశాలా విధానమును 1966లో కొఠారి కమీషను సిఫారసు చేసినది ఈ దృష్టితోనే. బాల్యమున బడిని సహింపలేక గృహశిక్షకుల వద్ద చదువుకొన్న రవీంద్రనాథ టాగూరు, పెద్దవాడై అందఱును తనవలెనే ఇంట చదువుకొనుడని బోధింపలేదు. 1901లో శాంతినికేతనమున చెట్లనీడలో తాను కోరిన బడిని స్థాపించెను. ఉన్న బడి బాగుండనప్పుడు చేయదగిన పని అది.

అట్టి పనికి నేడు చట్టమే అవకాశము కల్పించినది. విద్యాహక్కు చట్టపు 21వ సెక్షను ననుసరించి ప్రతి ప్రభుత్వ పాఠశాలకు ఏర్పడు యాజమాన్య కమిటీలో నాల్గింట మూడువంతుల సభ్యులు తల్లిదండ్రులే కావలెను. సభ్యులలో సగము మంది స్త్రీలుండవలెను. బడి నడకను పరిశీలించుటకును, నిధుల వినియోగమును అడుగుటకును వారికి అధికారము కలదు. కాని దినకూలి మానుకొని వచ్చిన తల్లి అడిగిన ప్రశ్నకు బదులు చెప్పు అధికారులెందఱు? వకీలు బిడ్డయు, ఇంజనీరు బిడ్డయు, ఆ బడిపంతులు బిడ్డయు అదే బల్లపై కూర్చున్ననాడు, నీరు రాని మరుగుదొడ్డియు, ఖాళీగానున్న ఉపాధ్యాయ పదవియు నెలలతరబడి అట్లే యుండుట అసాధ్యము. అడుగగలవారందఱు వెడలిపోయినచో, ఆ బడిలో మిగులునది అడుగలేనివారి బిడ్డలే.

ప్రభుత్వముల బాధ్యత ఇందు తక్కువ కాదు. ఏకోపాధ్యాయ పాఠశాలల దుస్థితిని తొలగించి, ప్రతి తరగతికి ఒక ఉపాధ్యాయుని నియమింపనిదే తల్లిదండ్రులను నిందించు అర్హత వానికి లేదు. వైకల్యము వలనను, దీర్ఘవ్యాధి వలనను ఇంటివద్ద చదువుకొనవలసిన బాలల పేర్లను మండల విద్యాధికారి వద్ద నమోదు చేసి, వారి యింటికే ఉపాధ్యాయుని పంపవలెను. ఇష్టపూర్వకముగా ఇంటి చదువును ఎన్నుకొనిన కుటుంబములు సైతము అట్లే నమోదు చేసికొని, ఏటేట బిడ్డ ప్రగతిని పరీక్షకు చూపవలెను. ఇంతకు మించిన సడలింపునకు మేము అంగీకరింపము.

తల్లిదండ్రులకు మా విన్నపమిది. ఇంటి చదువుకై మీరు వెచ్చింప సిద్ధపడిన కాలమును, ఓర్పును, విద్యను మీ ఊరి బడికి ఇండు. సాయంకాలము మీ బిడ్డకు మీరు చెప్పు పాఠమును ఎవ్వరును అడ్డగింపరు. పగటివేళ ఆ బిడ్డ స్థానము తోటి పిల్లల నడుమ. ఈ జూన్‌లో మీ బిడ్డను ప్రభుత్వ పాఠశాలలో చేర్పింపుడు; మఱునాటినుండియే ఆ పాఠశాలను ప్రశ్నింపుడు.