ఆలస్యం వాళ్లది, కొలత మన ఒంటికి

చిత్తూరు జిల్లాలో ఒకరి మాట మీద అనుమానమొస్తే "కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్యి" అంటారు. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధమాడటానికి ఎంతటి రాజకీయ నాయకుడైనా జంకుతాడని ప్రతీతి. పోలీసు, సైనిక నియామకాల్లో "శారీరక ప్రమాణాలు" అన్న మాట విన్నప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది. ఈ కొలతల్ని ఏ పని కోసం పెట్టారో, పెట్టినవాళ్లు ఎవరి ముందైనా ప్రమాణం చేసి చెప్పగలరా? కాణిపాకం స్థలపురాణంలో బావి తవ్వి స్వామిని వెలికితెచ్చిన ముగ్గురు అన్నదమ్ముల్లో ఒకరికి చూపు లేదు, ఒకరికి మాట లేదు, ఒకరికి వినికిడి లేదు. ఏ మెడికల్ బోర్డూ వాళ్లను పాస్ చేసేది కాదు. పని మాత్రం జరిగింది.

"ఆడవాళ్లకు సడలింపు ఇస్తున్నారుగా, ఇంకెక్కడి సమానత్వం?" అన్నది మనం నిత్యం వినే ఎత్తిపొడుపు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నోటిఫికేషన్ కింద జరిగిన కానిస్టేబుల్ నియామకాల్లో 1600 మీటర్ల పరుగుకు మగవాళ్లకు 8 నిమిషాలు, ఆడవాళ్లకు పదిన్నర నిమిషాలు ఇచ్చారు. నిజమే. మరి సైన్యంలో చూడండి. అగ్నివీర్ జనరల్ డ్యూటీకి పంజాబు యువకుడు 170 సెంటీమీటర్లుండాలి. తెలుగు యువకుడికి 166, సిక్కిం యువకుడికి 160 చాలు. దీన్నెవరూ దయాధర్మమనరు. మిలిటరీ పోలీసులో చేరాలనుకునే పంజాబు అమ్మాయికీ తెలుగు అమ్మాయికీ మాత్రం ఒకటే కొలత, 162. మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు 152 దగ్గర, పురుషులది 165 దగ్గర. అంటే మగవాడు ఇంచుమించు సగటుగా ఉంటే చాలు, ఆడపిల్ల సగటును మించి పది సెంటీమీటర్లు పెరగాలి. సడలింపు ఎవరికిచ్చినట్టు?

అయితే ఎత్తు, పరుగు కనబడే లెక్కలు. కనబడనిది కాలం. ఒంటిని ఎంత కొలుస్తారన్నదే కాదు, ఎప్పుడు కొలుస్తారన్నది కూడా అధికారమే.

1992 నుంచి స్త్రీలు సైన్యంలో అధికారులుగా చేరుతున్నారు, కానీ పర్మనెంట్ కమిషన్ ఇవ్వలేదు. 2010లో ఢిల్లీ హైకోర్టు ఇమ్మంది. ప్రభుత్వం పదేళ్లు కాలయాపన చేసింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక, అప్పుడు బయటికి తీసింది "షేప్-1" అనే వైద్య ప్రమాణాన్ని! తోటి మగ అధికారులను సర్వీసు ఐదో ఏటో పదో ఏటో, పాతికా ముప్ఫై వయసులో తూచిన తక్కెడలో, నలభై దాటిన స్త్రీలను కూచోబెట్టింది. లెఫ్టినెంట్ కల్నల్ నితీష కేసులో 2021 మార్చి 25న సుప్రీంకోర్టు దీన్ని పరోక్ష వివక్ష అంది. గమనించండి, ప్రమాణం తప్పని కోర్టు అనలేదు. దాన్ని ఆ సమయంలో ప్రయోగించటం తప్పంది.

ఇది ఢిల్లీ అధికారిణుల గొడవ, మనకెందుకు అనుకోకండి. మన కానిస్టేబుల్ అభ్యర్థులు ప్రిలిమినరీ పరీక్ష రాసింది 2023 జనవరిలో. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు చివర. దాదాపు రెండేళ్లు! అబ్బాయికి ఆ రెండేళ్లు మరికాస్త సాధన. ఐరాల మండలంలో ఇంటర్ చదివిన అమ్మాయికో? సంబంధాలు, పెళ్లి, కాన్పు. పొద్దున్నే రోడ్డు మీద పరిగెత్తితే నలుగురేమనుకుంటారన్న అత్తగారు. ఆలస్యం చేసిన ప్రభుత్వానికి స్టాప్‌వాచ్ లేదు. పదిన్నర నిమిషాలు దాటిన బాలింతకుంది.

అసలు సైన్యం, పోలీసు అన్నవే పితృస్వామ్య హింసా యంత్రాలు కదా, వాటిలో వాటా ఎందుకడగాలని మన మిత్రులే కొందరంటారు. ఆ యంత్రాల మీద నాకూ భ్రమల్లేవు. కానీ వేరుశెనగ ఎండిపోయిన ఇంట్లో నెల జీతం ఎదురుచూస్తున్న ఆడపిల్లకు ముందుగా ఈ వాదన వినిపించటం నాకు న్యాయమనిపించదు. అన్నదమ్ముడికి ఎవరూ వినిపించరు.

అందుకని నియామక మండలిని అడగాల్సినవి అడుగుదాం. ప్రతి కొలతా ఏ విధి నిర్వహణకు అవసరమో రాతపూర్వకంగా చెప్పాలి. రాత పరీక్షకూ దేహదారుఢ్య పరీక్షకూ మధ్య గడువు నోటిఫికేషన్‌లోనే ఉండాలి. గర్భిణులకూ బాలింతలకూ కోలుకున్నాక మరో తేదీ ఇవ్వాలి, అంతవరకూ వాళ్ల మార్కులు నిలిచివుండాలి. వచ్చే నోటిఫికేషన్ వెలువడకముందే మండల స్థాయి సంఘాలు సంతకాలు మొదలుపెట్టాలి.