గుహకి వెళ్తూ సినిమాకని చెప్పాం

పోయిన నెల మా పిన్ని కొడుకు ఒక రీల్ పంపాడు. అండమాన్‌లో బారాటాంగ్ దీవి. మడ అడవుల మధ్య సన్నటి పాయలో బోటు, దిగాక కొంచెం నడక, చివర్లో సున్నపురాయి గుహ. పైనుంచి రాళ్లు మర్రి ఊడల్లా వేలాడుతున్నాయి. కింద వాడి మెసేజ్: "అన్నా, డబ్బులు దాచుకుని ఇక్కడికి పోదాం. ఈసారి ఇంట్లో చెప్పే పోదాం."

ఆ చివరి మాటకి నవ్వొచ్చింది. వెంటనే కడుపులో తిప్పింది కూడా. ఎందుకో ఈ వారం చెప్పేస్తాను. పిన్ని ఈ కాలమ్ చదవదనే ధైర్యంతో.

మాది నరసరావుపేట. పల్నాడులో పెరిగినవాళ్లకి గుత్తికొండ బిలం కథ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నాకు మా తాత చెప్పాడు. దేవతల తరఫున యుద్ధం చేసి అలిసిపోయిన ముచికుందుడు నిద్రే వరంగా అడిగాడట. లేపినవాడు బూడిదైపోతాడు. కృష్ణుడు పరిగెత్తి పరిగెత్తి కాలయవనుణ్ని ఆ గుహలోకే తీసుకొచ్చాడు. వాడు పడుకున్నాయన్ని కాలితో తన్నాడు. అంతే, బూడిద. ఆ గుహ మనదేనని ఇక్కడివాళ్ల నమ్మకం. కారంపూడి యుద్ధం అయ్యాక బ్రహ్మనాయుడు కూడా ఈ బిలంలోకే వెళ్లిపోయాడని చెబుతారు. తొలి ఏకాదశికి జనం కిటకిటలాడతారు. లోపల నీళ్లున్న చోటుకి వెళ్లి స్నానాలు చేస్తారు.

మేం వెళ్లింది మాత్రం పండగరోజు కాదు. కొన్నేళ్ల కిందట, ఎండాకాలం, మామూలు మంగళవారం. నలుగురం, రెండు బైకులు. మా తమ్ముడికి అప్పుడు పదిహేడేళ్లు. పిన్ని గుమ్మంలోకొచ్చి "వీణ్ని జాగ్రత్తగా తీసుకురారా" అంది. "సినిమాకేగా పిన్నీ" అన్నాను.

భక్తులు వెళ్లే దారిలో నడిచినంతసేపూ ఏం కాలేదు. పక్కన ఒక చిన్న సందు కనిపించింది. "అందరూ చూసేదే మనమూ చూస్తే ఏముందిరా" అన్నది నేనే. పాక్కుంటూ వెళ్లాం. ఉక్క, చెమట, గబ్బిలాల వాసన. ఒక ఫ్రెండ్ ఫ్లాష్ వేసుకుని వీడియో తీస్తూనే ఉన్నాడు. వాడి ఫోన్ ఆగిపోయింది. ఇంకొకడు ఫోన్ బైకులోనే వదిలేసి వచ్చాడు. మా తమ్ముడు తడి రాయి మీద జారాడు. మోకాలు చీరుకుపోయింది, చేతిలో ఫోన్ నీళ్లలో పడింది. మిగిలింది నాది. తొమ్మిది శాతం.

వెనక్కి తిరిగితే మూడు దారులు. వచ్చేటప్పుడు ఒకటే ఉన్నట్టనిపించింది! గుహలో జరిగేది ఇదే. ఎదురుగా చూస్తూ వచ్చిన దారి వెనక్కి తిరిగితే వేరేలా కనిపిస్తుంది. ఒకదాంట్లోకి వెళ్లాం, మూసుకుపోయింది. ఇంకోటి, అదీ అంతే. మూడు శాతం దగ్గర టార్చ్ ఆపేసి కూర్చున్నాం.

చీకటి అంటే మనకి తెలిసింది కరెంటు పోయిన చీకటి. అక్కడ కాసేపటికి కళ్లు అలవాటు పడతాయి. గుహలో పడవు. చెయ్యి ముక్కుకి ఆనించుకున్నా కనపడలేదు. నెట్‌వర్క్ లేదు. అప్పుడు తమ్ముడు మెల్లగా అడిగాడు, "అన్నా, మనం ఇక్కడున్నామని ఎవరికి తెలుసు?"

ఎవరికీ తెలియదు. రాత్రికి మేం రాకపోతే మావాళ్లు పేటలో థియేటర్ల చుట్టూ తిరుగుతారు. గుత్తికొండ ఎవరికి తడుతుంది? నా అబద్ధం అంత పక్కాగా ఉంది.

ఎంతసేపయిందో తెలీదు. మాకు దూరంగా ఒక కేక వినపడింది. మేకలు కాసుకునే పెద్దాయన. పొద్దున్నుంచీ రెండు బైకులు ఎండలో అట్టాగే ఉండటం చూసి అనుమానం వచ్చి, ఇంకో మనిషిని తోడు తీసుకుని లైటుతో వచ్చాడు. బయటికొచ్చాక తిట్టలేదు. తమ్ముడి మోకాలికి తన తువ్వాలు కట్టి అన్నాడు, "బావి పూడిక తీసేవాడు కూడా ముందు దీపం దించి చూసి, ఆనక మనిషిని దించుతాడు నాయనా. మీరు ఏం చూసుకుని దిగారు?"

నా దగ్గర జవాబు లేదు.

తరవాత ఏడాది 2018లో థాయ్‌లాండ్ వార్త చూసి ఆ రాత్రి నిద్రపోలేదు. జూన్ 23న పన్నెండుమంది కుర్రాళ్లు, వాళ్ల ఫుట్‌బాల్ కోచ్ తామ్ లువాంగ్ గుహలోకి వెళ్లారు. వర్షానికి దారి మునిగిపోయింది. లోపల మనుషులున్నారని పట్టించినవాటిలో గుహ బయట వదిలేసిన వాళ్ల సైకిళ్లూ ఉన్నాయి. జులై 10 నాటికి పదమూడుమందీ బయటపడ్డారు. కానీ వాళ్ల కోసం వెళ్లిన సమన్ కునన్ అనే డైవర్ ప్రాణం పోయింది. మన సరదాకి రేటు కట్టేది ఒక్కోసారి మనం కాదు, మనకోసం వచ్చినవాళ్లు.

అలాగని గుహలకి వెళ్లొద్దనను. వెళ్లండి. అసలు మనం గుహల నేల మీదే పుట్టాం. మాచర్ల నాపరాయి, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, సిమెంటు ఫ్యాక్టరీలు... అన్నిటికీ మూలం సున్నపురాయే. వాననీరు గాల్లోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కొద్దిగా ఆమ్లంగా మారుతుంది. రాతి పగుళ్లలోకి దిగి, వేల లక్షల ఏళ్లు కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. గుత్తికొండ అయినా బారాటాంగ్ అయినా పని చేసింది ఆ నీరే. పైనుంచి వేలాడే రాయి ఏడాదికి సుమారు మిల్లీమీటరులో పదో వంతు పెరుగుతుంది. సెల్ఫీ కోసం బెత్తెడు ముక్క విరిస్తే, విరిగింది దాదాపు వెయ్యేళ్లు.

మొదటిసారి వెళ్లేవాళ్లయితే నంద్యాల జిల్లా బెలుం గుహలతో మొదలుపెట్టండి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు. వందేళ్ల తరవాత, 1982-83లో డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం వివరంగా కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. మనల్ని వెళ్లనిచ్చేది అందులో ఒకటిన్నర కిలోమీటర్లే. కొలిచి, లైట్లు పెట్టి, ఇక్కడిదాకే అని గీత గీసిన గుహ. ఆ గీతకి విలువివ్వండి.

ఎక్కడికెళ్లినా ఇవి మర్చిపోకండి:

ఒకటి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒక్కరికైనా నిజం చెప్పండి.

రెండు. మనిషికి మూడు లైట్లు. ఒకటి తలకి కట్టుకునేది. ఫోన్ టార్చ్‌ని లెక్కలో వేయకండి.

మూడు. కనీసం నలుగురు. ఒకడికి దెబ్బ తగిలితే ఒకడు తోడుంటాడు, ఇద్దరు సాయానికి వెళ్తారు. దారి తెలిసిన స్థానికులు ఒకరు ఉండాల్సిందే.

నాలుగు. దారి చీలిన ప్రతిచోటా ఆగి, వెనక్కి తిరిగి చూసి గుర్తుపెట్టుకోండి.

ఐదు. వాన సూచన ఉంటే వద్దు. లోపల తలనొప్పి, ఆయాసం మొదలైతే గాలి బాలేదని అర్థం, వెంటనే వెనక్కి. దీపం ఆరిపోతే దిగకూడదు. వెలుగుతోంది కదా అని గాలి మంచిదనీ అనుకోకూడదు.

తమ్ముడి మోకాలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. బైకు మీంచి పడ్డాడని పిన్ని అనుకుంటోంది. వాడి మెసేజ్‌కి నేనిచ్చిన రిప్లై: "సరే పోదాం. ముందు ఆదివారం ఇంటికి వస్తా. పిన్నికి ఆ మచ్చ సంగతి చెప్పాక టికెట్లు చూద్దాం."

వాడు బ్లూ టిక్ పెట్టి ఊరుకున్నాడు. ఆదివారం తిట్లు ఎలా పడ్డాయో వచ్చే వారం రాస్తాను.