డప్పును కాస్తాం, గొంతును కాయమా?

మన కళాబృందాల పిల్లలది మోటు గొంతట! పంతులు దగ్గర సరిగమలు దిద్దనిదే పాట రాదట! ఈ మాటలనే పెద్దమనుషుల్ని ఒక్కటే అడుగుతున్నాం. 1985లో కారంచేడు, 1991లో చుండూరు నెత్తుటి కబురును ఊరూరా మోసిందెవరి గొంతు? కచేరీ గొంతా? మాలపల్లెల, మాదిగపల్లెల గొంతు కాదా?

మనవాళ్లకూ ఓ మాట. గొంతు చించుకోవడమే పోరాటం కాదు. డప్పును మంట మీద కాచిగానీ కొట్టం. గొంతునేమో కాచకుండానే పై శ్రుతికి ఎత్తేస్తున్నాం! పాటకు ముందు పది నిమిషాలు సన్నగా కూనిరాగం తీయండి. పొట్ట నిండా ఊపిరి తీసుకోండి. డప్పు హోరు మీద అరవొద్దు, పాట ఎత్తుకోగానే డప్పే తగ్గాలి. మధ్య మధ్య మంచినీళ్లు తాగండి. బీడీ, గుట్కా, మందు గొంతుకు శత్రువులు. గొంతు మారే వయసు పిల్లల చేత పై శ్రుతి పాడించొద్దు. మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే డాక్టరుకు చూపించాల్సిందే.

తెల్లార్లూ ఒక్కణ్ణే పాడించి, పొద్దున్నే చప్పట్లతో సరిపెట్టే నాయకులారా! వంతులు వేయండి. గొంతు పోయినోడి ఇంటికి రేపు మీలో ఎవరొస్తారు?

డప్పులాగే గొంతునూ కాచుకుందాం. జై భీమ్!