రాజ్-కోటి మధ్య గీత

"రాజ్-కోటి" అనే మాట మన నోట్లో ఒకే మనిషి పేరన్నట్టు తిరుగుద్ది. కానీ అది ఇద్దరి కష్టం. అందులో రాజ్ గారు 2023 మే 21న హైదరాబాదులో పోయారు. ఆ రోజు తెనాలి, రేపల్లె, బాపట్ల కుర్రోళ్ల వాట్సాప్ స్టేటస్‌ల నిండా వాళ్ల పాటలే. నన్ను చానామంది అడిగింది మాత్రం ఒకటే: "అన్నా, ఇద్దర్లో రాజ్ ఎవరు?" పాటలన్నీ నోటికొచ్చినోళ్లకు, ఆ పాట చేసిన ఇద్దర్లో ఒకాయన మొహం ఎందుకు తెలీకుండా పోయింది? ఇది సినిమా కబురు కాదు తమ్ముళ్లూ. కష్టం ఎవరిది, పేరు ఎవరిది అనే లెక్క.

రాజ్ అసలు పేరు తోటకూర సోమరాజు. ఎన్టీఆర్ సినిమాలు చానావాటికి సంగీతమిచ్చిన టి.వి.రాజు గారబ్బాయి. కోటి అంటే సాలూరి కోటేశ్వరరావు. 'మల్లీశ్వరి', 'మిస్సమ్మ' చేసిన సాలూరి రాజేశ్వరరావు గారబ్బాయి. ఇద్దరూ చక్రవర్తి గారి దగ్గర పని నేర్చుకున్నారు. ఆ చక్రవర్తి మన గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషే, అసలు పేరు కొమ్మినేని అప్పారావు.

1980ల మొదట్లో 'ప్రళయ గర్జన'తో ఈ జంట సొంతంగా మొదలెట్టింది. 1988లో 'యముడికి మొగుడు', 'ఖైదీ నంబర్ 786', 1990లో 'కర్తవ్యం', 1993లో 'ముఠామేస్త్రి', 1994లో 'హలో బ్రదర్'. మొత్తం వందకు పైగా సినిమాలు. వాళ్ల దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడు దిలీప్, తర్వాత ఏ.ఆర్.రెహమాన్ అయ్యాడు.

అంత ఊపులో ఉండగా ఇద్దరూ విడిపోయారు. 1995లో రాజ్ 'సిసింద్రీ' చేశారు, కోటి 'పెదరాయుడు' చేశారు. రెండూ జనం పాడుకున్నవే. కానీ ఆ తర్వాత కోటి గారికి వరసగా సినిమాలొచ్చాయి, 'నువ్వు నాకు నచ్చావ్', 'నువ్వే నువ్వే' దాకా. రాజ్ గారి పేరు తెర మీద అరుదైపోయింది. దాన్నిబట్టి ఒకాయన ఎక్కువ, ఒకాయన తక్కువ అని తేల్చేసినోళ్లు ఉన్నారు. నేనొప్పుకోను. మార్కెట్టు కష్టాన్ని కొలవదు, కంటికి కనపడే మనిషిని కొలుస్తది. వంద సినిమాల పని ఇద్దరిదీ. విడిపోయినంత మాత్రాన ఆ వందలో ఒకరి వాటా కరిగిపోదు.

హిందీ జంటల్ని చూడండి. శంకర్-జైకిషన్ 1949లో 'బర్సాత్'తో మొదలెట్టారు. శంకర్ హైదరాబాదులో పెరిగినాయన. 1971లో ఎన్టీఆర్ 'జీవిత చక్రం'కి సంగీతం వీళ్లదే. అదే ఏడాది సెప్టెంబరులో జైకిషన్ చనిపోయారు. శంకర్ 1987లో పోయేదాకా, అంటే ఇంకో పదహారేళ్లు, టైటిల్‌లో రెండు పేర్లూ వేయించారు. లక్ష్మీకాంత్-ప్యారేలాల్ మన దగ్గర 1987లో 'మజ్ను' చేశారు. లక్ష్మీకాంత్ 1998లో పోయారు. 2024లో పద్మభూషణ్ ప్యారేలాల్‌కి వచ్చింది. ఆయనకు రావాల్సిందే, తప్పు లేదు. కానీ సర్కారు బిరుదు కూడా బతికున్నోడి పేరు మీదే దిగిందని గుర్తుపెట్టుకోండి.

చట్టం మాత్రం ఈ విషయంలో కొంచెం నయం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఇద్దరు కలిసి విడదీయలేని పని చేస్తే అది ఉమ్మడి రచన. ఇద్దర్లో ఆఖరున పోయినోళ్ల మరణం నుంచి అరవై ఏళ్లు దాని హక్కు నడుస్తది. 2012 సవరణ సంగీత దర్శకుడికీ, పాట రాసినోడికీ రాయల్టీలో వాటా ఖాయం చేసింది. దాన్ని నిర్మాతకు వదిలేసినట్టు సంతకం పెట్టించుకున్నా చెల్లదు.

ఇదంతా మనకెందుకంటారా? రేపల్లె వైపు నాకు తెలిసిన ఇద్దరు కుర్రోళ్లున్నారు. ఒకడు పాట కడతాడు, ఇంకోడు ఫోన్లో ట్రాక్ చేస్తాడు. తిరునాళ్ల పాట ఒకటి బాగా ఆడింది. ఛానల్ ఒకడి మెయిల్ మీద ఉంది, డబ్బు పడేది వాడి బ్యాంకు ఖాతాలోనే. ఇయ్యాల రెండోవాడు "ఆ పాట నాది కూడా" అంటే చూపించడానికి ఒక్క ముక్క కాగితం లేదు.

"స్నేహితుల మధ్య కాగితమేంటన్నా?" అంటారు. మన డెల్టాలో కౌలు రైతునడగండి చెప్తాడు. నోటిమాట మీద చేను చేస్తాడు. తుపానొచ్చి వరి పడిపోతే పరిహారం కాగితంలో పేరున్నోడికి పోద్ది. 2019లో పంట సాగుదారుల చట్టమొచ్చినా, కార్డుకు భూమి యజమాని సంతకం కావాల్సి వచ్చింది. ఆ సంతకం కోసం ఎంతమంది గుమ్మాల చుట్టూ తిరిగారో మీ ఇళ్లల్లోనే తెలుసు. పాటకైనా పంటకైనా సూత్రం ఒకటే.

అందుకే పాట ఎక్కించక ముందే, ఎవరు రాశారు, ఎవరు కట్టారు, ఎవరు వాయించారు అని అన్ని పేర్లూ కింద రాయండి. ప్యాడ్ కొట్టిన పిలగాడి పేరు కూడా. వాటా ఎంతో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టి, ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి. విడిపోయే రోజు వచ్చినా ఆ పాత పాట మీద ఇద్దరి పేర్లూ ఉండనివ్వండి. స్నేహం బాగున్నప్పుడే ఈ పని తేలిక. చెడ్డాక ఎవరూ పెన్ను పట్టుకోరు.