విందు వేళ సన్నాయికి చోటేది?

ఒంగోలు: ముహూర్తానికి గట్టిమేళం తప్పనిసరి అని భావించే కుటుంబాలే సాయంత్రం రిసెప్షన్‌కు డీజేనో, సినీ ఆర్కెస్ట్రానో కుదుర్చుకుంటున్నాయి. ఫలితంగా నాదస్వర కళాకారుల పని తాళి కట్టే ఘడియతోనే ముగుస్తోంది.

నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా జన్మించిన కరవది ఒంగోలు సమీప గ్రామమే. ఆయన 1998లో సంగీత కళానిధి అయ్యారు. ఆయన శిష్యులైన మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. బిరుదులకు కొదవ లేదు, పిలుపులకే కరవు!

తప్పంతా పెళ్లివారిదే అనడం న్యాయం కాదు. విందుకు వచ్చినవారు తెలిసిన పాటలు కోరుకుంటారు. సుదీర్ఘ రాగాలాపన అక్కడ నిలవదు. మోహన, కల్యాణి, హిందోళ రాగాల్లోని చిన్న కీర్తనలు, ఆ రాగాల ఛాయలున్న పాత సినిమా పాటలు సన్నాయిపై చక్కగా పలుకుతాయి. దరువే ప్రాణమైన కొత్త పాటలను బలవంతాన వాయిస్తే పాటా చెడుతుంది, వాద్యమూ చెడుతుంది. పైగా సన్నాయి, డోలు ఆరుబయట మోగే వాద్యాలు. మూసిన హాలులో వాటికి మైకు పెట్టి, ఆనక గోల అని విసుక్కోవడం పరిపాటి అయింది.

డీజేకూ హద్దులున్నాయి. శబ్దకాలుష్య నిబంధనలు-2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. పాటించేవారు అరుదు.

అతిథులు వచ్చే తొలి గంట సన్నాయికి, మిగతా సమయం యువత కోరే పాటలకు కేటాయించవచ్చు. అందుకు పాటల ఎంపిక బయానా ఇచ్చే రోజే జరగాలి. ప్రస్తుతం మేళానికి ఇచ్చే బయానా ముహూర్తం వరకే.