కాందిశీకుల భారమెవరిది?

తుపానులో నొక గ్రామము కొట్టుకొనిపోయి, దిక్కులేని జనులు ప్రక్క గ్రామమున జొచ్చిరనుకొందము. అప్పుడు దూరగ్రామముల పెద్దలు కూడి, “ప్రక్కవారే వీరిని పోషింపవలెను, మేము నాలుగు బస్తాల బియ్యము పంపెదము” అని తీర్మానించినయెడల దానిని న్యాయమని యెవరందురు? ప్రక్క గ్రామమువారు చేసిన నేరము దగ్గఱనుండుటయే గదా! కాందిశీకుల విషయమున రాజ్యములు నడచుకొను తీరు ఇంచుమించిట్టిదే.

లోకమందలి కాందిశీకులలో దాదాపు మూడింట రెండు వంతులవారు తాము విడిచిన దేశమునకు పొరుగుననే నిలిచియున్నారు. 2017 ఆగష్టు తరువాత బర్మానుండి, అనగా నేటి మియన్మారునుండి, 7 లక్షలకు మించిన రోహింగ్యాలు బంగ్లాదేశమునందలి కాక్సుబజారు ప్రాంతము చేరిరి. బంగ్లాదేశమేమి ధనికరాజ్యమా? స్వజనులకే చాలినంత నేల లేని దేశము. ఇతర రాజ్యములు ధనము పంపినవి. మనుష్యులను మాత్రము మిక్కిలి కొద్దిమందినే తీసికొనినవి.

ధనమిచ్చుట సాయమే గాని పాలు పంచుకొనుట కాదని మా యభిప్రాయము. జనసంఖ్యను, సంపదను బట్టి ఏ దేశము ఎంతమందిని చేర్చుకొనునో ముందుగా అంకెలతో వ్రాసికొనవలెను. ఇందుకు చరిత్రలో రెండు సభలు సాక్ష్యముగా నున్నవి.

1938 జూలైలో ఫ్రాన్సునందలి ఏవియాను పట్టణమున 32 దేశముల ప్రతినిధులు సమావేశమైరి. జర్మనీ, ఆస్ట్రియాలనుండి తరుమబడుచున్న యూదులకు చోటు చూపుట వారి పని. ఒకరి తరువాత నొకరు లేచి సానుభూతి తెలిపి, తమ దేశమున అవకాశము లేదనిరి. సభను పిలిచిన అమెరికాయే తన పరిమితిని పెంచలేదు. పెద్ద సంఖ్య పలికినది చిన్నదైన డొమినికన్ రిపబ్లికు మాత్రమే. అది లక్షమంది వరకు చేర్చుకొందునన్నది. తుదకు అచట స్థిరపడినవారు కొన్ని వందలమందియే. ఐరోపాలో మిగిలిపోయిన యూదుల గతి యేమైనదో పైతరగతుల విద్యార్థులు చరిత్రపాఠమున చదివియే యున్నారు.

రెండవది 1979 నాటి జెనీవా సభ. వియత్నామునుండి వేలకొలది జనులు పడవలమీద పారిపోవుచుండిరి. మలేషియా తీరమున బిడాంగు అను ద్వీపముగలదు. దాని వైశాల్యము ఒక చదరపు కిలోమీటరు పాటిది. ఆ జూను నాటికి అందు 40,000 మంది క్రిక్కిఱిసియుండిరి. ఆగ్నేయాసియాలోని ఐదు రాజ్యములు ఇక క్రొత్తవారిని రానీయమని ప్రకటించెను. తీరము చేరిన పడవలు మరల సముద్రములోనికి త్రోయబడెను. అప్పుడు జూలైలో 65 ప్రభుత్వములు కూడి బేరమాడెను. బేరమను మాట కటువుగా తోచవచ్చును గాని మేము తెలిసియే వాడితిమి. పొరుగు రాజ్యములు తాత్కాలికముగా ఆశ్రయమిచ్చుటకును, దూరరాజ్యములు వారిని అచటినుండి తీసికొనిపోవుటకును ఒప్పందమైనది. 1,25,000 మందికి మాత్రమే ఉండిన వాగ్దానము 2,60,000 మందికి పెరిగెను. తరువాతి మూడేండ్లలో వియత్నాము, లావోసు, కంబోడియాల కాందిశీకులు 6 లక్షలకు పైగా ఇరువదికి మించిన దేశములలో నిలదొక్కుకొనిరి. కెనడాలో క్రైస్తవ సంఘములును, ఇరుగుపొరుగు కుటుంబముల గుంపులును క్రొత్తవారి ఖర్చు భరింతుమని ప్రభుత్వమునకు మాట యిచ్చి వారిని పిలుచుకొనెను. ఆ బేరమున దోషము లేకపోలేదు. వియత్నాము తన జనులను కదలనీయకుండ ఆపుటకు ఒప్పుకొనెను. ప్రాణభయముతో పారిపోవువానికి అది ద్వారము మూయుటయే.

మన బీదలను ముందు చూచుకొనవలదా యని తల్లిదండ్రులలో కొందఱడుగుదురు. అది తేలిక ప్రశ్న కాదు. భారమంతయు ఒక్కచోటనే పడినప్పుడు వారి భయము నిజమే యగును, పంచుకొనవలెననుట అందుచేతనే. 1971లో తూర్పు పాకిస్తానునుండి మన దేశమునకు ఇంచుమించు కోటిమంది వచ్చిరి. పదునైదు లక్షలకు కొంచెము మించిన జనాభా గల త్రిపురలోనికి సుమారు పదునాలుగు లక్షలమంది చేరిరి. వారిలో అత్యధికులు మరుసటి యేట తిరిగి పోగలిగిరి గాని, పోలేని పక్షమున త్రిపుర రైతు గతి యేమి?

1951 నాటి ఒడంబడిక, కాందిశీకుని ప్రమాదస్థలమునకు వెనుకకు పంపరాదని విధించినది. కొన్ని దేశములపై భారము మితిమీరి పడవచ్చునని దాని పీఠికయే ఒప్పుకొనుచున్నది. ఎవరి వంతు ఎంతయో మాత్రము ఏ ప్రకరణమునందును లేదు. మన దేశము దానిపై సంతకము చేయలేదు. ఇతరులకు బోధించుటకు ముందు మనమిది తలచుకొనుట మంచిది. 2018 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన క్రొత్త ఒప్పందమైనను ఎవరిని కట్టడి చేయునది కాదు. కావుననే 2025 జనవరిలో అమెరికా కాందిశీకులను చేర్చుకొను పద్ధతిని నిలిపివేయగా, ప్రయాణము నిశ్చయమైన వేలకొలది జనులు ఎక్కడివారక్కడనే ఆగిపోయిరి. వారి వంతును మఱియెవరు తీసికొనవలెనో చెప్పు పత్రమేదియు లేదు. వారిని నేటికిని పోషించుచున్నవి మరల ఆ పొరుగు దేశములే.