పెడల్ లేని తూకం

వాలుకుర్చీలో చేరబడ్డట్టు వెనక్కి వాలి, కాళ్ళు ముందుకి చాపి తొక్కే సైకిలుంది, చూశారా? రికంబెంట్ అంటారు. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ దాని మీద గంటలో 45 కిలోమీటర్లు దాటేస్తే, మరుసటి ఏడే పందేల నుంచి వెలివేశారు పాపం! గాలిని కోసుకుపోతుంది గనక చదునునేల మీద దాని బరువు తెలియదు. మెట్ల దగ్గర తెలుస్తుంది.

నెదర్లాండ్స్‌లో ఉండే మా తమ్ముడికి నడుంనొప్పి. ఇలాంటిది కొందామని రెండు కంపెనీల కాగితాలు ముందేసుకున్నాడు. ఒకటి 11 కిలోలు, ఇంకొకటి 13.

"తేలికదే కొంటానక్కా, రోజూ మేడెక్కించాలి" అన్నాడు.

"కింద చిన్న అక్షరాలు చదవరా" అన్నాను.

చదివాడు. తేలికదాని లెక్కలో పెడల్స్ లేవు, సీటు మీద పరుపు లేదు, మడ్‌గార్డులు లేవు! రెండోదానిలో అన్నీ ఉన్నాయి. అంటే నిజం చెప్పినవాడే బరువైపోయాడన్నమాట! మామూలు సైకిలుకి రెండున్నర రెట్లుండే ఆ గొలుసు కూడా విప్పేసి తూస్తే ఇంకా తేలిక కదూ?

బంగారం కొట్లో రాళ్ళ బరువు తీసి చెప్పమని దెబ్బలాడతాం. ఇక్కడ అన్నీ కలిపి చెప్పమని దెబ్బలాడాలి. పెడల్ లేకుండా ఎవరు తొక్కుతారండీ? తొక్కడానికి సిద్ధంగా ఉన్న బండిని తూచి, ఆ అంకె వెయ్యండి. మోసే భుజం చిన్న అక్షరాలు చదవదు.